బండి కుర్రాడు షేరు బజారుకు ఎలా చేరాడు?

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి లండన్‌లో ఒక బ్యాంకులో పని చేస్తున్నాడు. తన పై అధికారి గురించి చెబుతూ, ‘ఆయన్ని ఇక్కడ కొందరు బ్యారో బాయ్ అంటారు’ అన్నాడు. నిఘంటువు తీసి చూస్తే తోపుడుబండి మీద పళ్లు, కూరగాయలు అమ్ముకునే కుర్రవాడని ఉంది. కోట్ల లావాదేవీలు నడిపే యాభై ఏళ్ల మనిషికి ఆ పేరు ఎలా వచ్చింది? అది పొగడ్తా, తిట్టా? మా వీధిలోకి రోజూ వచ్చే కూరగాయల బండి ఆయనను మేము కూడా ‘కూరలబ్బాయి’ అనే పిలుస్తాము కనుక, ఈ సంగతి తెలుసుకోవాలనిపించింది.
— ఒక పాఠకురాలు, స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. మీ వీధిలోకి వచ్చే ఆయనకు యాభై దాటి ఉండవచ్చు, మనవలను ఎత్తి ఉండవచ్చు. అయినా గుమ్మంలో నిలబడి పిలిచేటప్పటికి ఆయన ‘అబ్బాయి’ అయిపోతాడు. పాలు పోసేవాడు పాలబ్బాయి, పత్రిక వేసేవాడు పేపరబ్బాయి. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టి ఇచ్చే మనిషి నిజంగా పాతికేళ్లవాడే అయినా, ‘క్యాషబ్బాయి’ అని మనం అనము. ఇంగ్లీషు మాటలోని ‘బాయ్’ కూడా ఇటువంటిదే. అందులో వయసు లెక్క లేదు. పిలిచేవారికీ పిలిపించుకునేవారికీ నడుమ ఎన్ని మెట్లున్నాయో ఆ లెక్క ఉంది. మన దేశంలోనే దొరల బంగళాలలో తల నెరిసిన నౌకరును సైతం ‘బాయ్’ అని కేకవేసిన అలవాటు, నేటి ‘ఆఫీస్ బాయ్’ దాకా చెక్కుచెదరకుండా నిలిచింది.

మొదటి సగమైన ‘బ్యారో’కు మూలం మోయడమనే అర్థమున్న పాత ఇంగ్లీషు ధాతువు. తొలి రోజుల్లో అది చక్రాలు లేని చట్రం. ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టుకుని మోసేవారు. తరువాత దానికి చక్రాలు వచ్చి, మనము తోపుడుబండి అనే వస్తువుకు దగ్గరైంది. ఆ బండి తోసుకుంటూ లండన్ వీధుల్లో పళ్లు, కాయగూరలు అమ్మిన మనిషికి ‘బ్యారో బాయ్’ అన్న పేరు రావడంలో వింత ఏమీ లేదు. కానీ ఈ పేరు వినబడటానికి ఎంతో ముందునుంచీ ఆ మనిషి ఆ వీధుల్లో ఉన్నాడు, అప్పుడు అతడిని ‘కోస్టర్‌మాంగర్’ అనేవారు. కోస్టర్డ్ అనేది ఒకనాటి ఇంగ్లండులో వండుకోవడానికి వాడిన పెద్ద ఆపిల్ రకం. మాంగర్ అంటే అమ్మేవాడు. 16వ శతాబ్దిలో ఆపిళ్లు అమ్మేవాడిగా మొదలై, తక్కిన పళ్లు, కూరలు, చేపలు కూడా బండి మీదికి చేరిన తరువాత కూడా, అతడు ఆ పాత పేరుతోనే చెలామణి అయ్యాడు. ఆ శతాబ్ది ముగిసేలోగానే ఆ పేరుకు మచ్చ పడింది. షేక్స్‌పియరు ‘నాలుగో హెన్రీ’ రెండో భాగంలో ఫాల్‌స్టాఫ్ అనే పాత్ర, మంచితనానికి విలువ లేని రోజులని వాపోతూ, ఆ రోజులను ‘కోస్టర్‌మాంగర్ కాలం’ అంటుంది. ఆపిల్ అమ్ముకునేవాడు ఎవరి మంచితనాన్నీ పాడుచేయలేదు. ప్రతిదానికీ వెలకట్టే కాలాన్ని తిట్టడానికి నాటక పాత్రకు వెలకట్టి అమ్మేవాడి పేరు చేతికి అందింది, అంతే.

వీరి జీవితాన్ని శ్రద్ధగా రాసిపెట్టినవాడు హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత. లండన్ కూలీల గురించి, పేదల గురించి ఆయన రాసిన గ్రంథం 1851లో వచ్చింది. ఆడవాళ్లు, పిల్లలతో కలిపి అప్పటి లండన్‌లో కోస్టర్‌మాంగర్లు కనీసం 30,000 మంది ఉంటారని ఆయన అంచనా వేశాడు. వీరిలో చాలామందికి సొంత బండి లేదు, రోజు అద్దెకు తెచ్చుకునేవారు. సరుకు కొనడానికి సొంత పెట్టుబడి లేదు, ఘోరమైన వడ్డీకి అప్పు తెచ్చుకునేవారు. బండి వెల ఎంతో దానికి ఎన్నో రెట్లు అద్దెగా కట్టి కూడా ఆ బండి తమది కాకుండానే జీవితం వెళ్లిపోయేది. పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టించుకుని రాత్రికి వెయ్యి కట్టే రోజు వడ్డీ బాధ తెలిసిన మన ట్రంకు రోడ్డు బండివాళ్లకు ఈ పేజీలు చదివి వినిపిస్తే, ఇది ఏ దేశపు సంగతి అని అడగరని నా నమ్మకం.

ఆ బండివాళ్లు కొనేవారికీ పోలీసులకూ అర్థం కాకుండా తమలో తాము ఒక రహస్య భాష మాట్లాడుకునేవారు. మాటను చివరి నుంచి మొదటికి తిప్పి పలకడం దాని కిటుకు. మన పిల్లలు ప్రతి అక్షరానికీ ‘క’ చేర్చి మాట్లాడుకునే కభాష వంటిదే, కానీ ఇది పొట్టకూటి కోసం పుట్టినది. పెన్నీ అనే నాణెం ‘యెనెప్’ అయింది, ‘బాయ్’ అనే మాట తిరగబడి ‘యాబ్’ అయింది. మొదట ఈ యాబ్‌కు కుర్రవాడనే తప్ప వేరే అర్థం లేదు. తరువాతి కాలంలో అది వీధి రౌడీకి పేరై, నేటి ఇంగ్లీషు పత్రికల్లో అద్దాలు పగలగొట్టే అల్లరి మూకకు వాడుతున్నారు. తమ కుర్రవాళ్లను పిలుచుకోవడానికి బండివాళ్లు కట్టుకున్న మాట ఊరివాళ్ల నోట పడి తిట్టుగా మారడం నన్ను చాలా బాధపెట్టే విషయం. ఎవరి మాటను వారి మీదికే ఎత్తిన కత్తిగా చేయడం అంటే ఇదే.

1867లో లండన్ వీధుల మీద ఒక చట్టం వచ్చింది. రోడ్డు మీద సరుకు పెట్టి దారికి అడ్డం చేయకూడదన్న ఆ చట్టం యథాతథంగా అమలైతే బండివాళ్ల బతుకు ముగిసిపోయేదే. గగ్గోలు పుట్టడంతో అదే సంవత్సరం సవరణ తెచ్చి, పోలీసు నిబంధనలకు లోబడి ఉన్నంతవరకు ఆ నిషేధం వారికి వర్తించదని చెప్పవలసి వచ్చింది. అప్పటినుంచి వీధిలో అమ్ముకునే మనిషికి ఎప్పుడూ రెండు ముఖాలు: అనుమతి ఉన్నవాడు, అనుమతి లేనివాడు. ‘బ్యారో బాయ్’ అన్న మాట నలుపెక్కడానికి ఈ చీలికే కారణం.

రెండవ ప్రపంచ యుద్ధంలో 1940 జనవరిలో బ్రిటన్‌లో ఆహార రేషను మొదలైంది. చివరి ఆంక్షలు తొలగడానికి 1954 జూలై దాకా పట్టింది. వెన్న, పంచదార, మాంసం కొలతల మీద దొరికేవి. అరటిపళ్ల దిగుమతిని ప్రభుత్వం 1940 చివరిలో ఆపేసింది, కనుక ఆ అయిదేళ్లలో పుట్టిన పిల్లలకు అరటిపండు ఎలా ఒలవాలో తెలియదు. బట్టలకు కూడా కూపన్లే. ఇటువంటి కాలంలో అంగట్లో లేని వస్తువు వీధి మలుపులో దొరికితే జనం ఏమనుకుంటారు? ఎక్కడినుంచి తెచ్చాడో అడగకుండానే కొనుక్కుని, ఇంటికి వెళ్లాక అతడిని దొంగ అంటారు. దొంగబజారు సరుకు అమ్మే సోకుగాడికి ఆ రోజుల్లో ‘స్పివ్’ అనే వేరే పేరు ఉండేది. వెడల్పు టై, భుజాలు ఎత్తుగా కుట్టించిన కోటు వాడి గుర్తులు. కానీ వాన్లో తడుస్తూ ముల్లంగి అమ్ముకునే బండివాడికీ స్పివ్‌కీ నడుమ గీత గీయడానికి ఎవరూ శ్రమపడలేదు. లైసెన్సు లేకుండా రోడ్డు మీద సరుకు పెట్టి, పోలీసు కనబడగానే బండి తోసుకుని పరుగుతీసే మనిషిగానే యుద్ధం తరువాతి పత్రికల్లో బ్యారో బాయ్ కనిపిస్తాడు. నోటి చలాకీ, తూకంలో మోసం, చేతిలో నగదు, ఇవన్నీ ఆ మాటకు అంటుకున్నాయి.

ఇక మీ అబ్బాయి విన్న అర్థం 1980ల నాటిది. లండన్‌లో సిటీ అని పిలిచే బ్యాంకుల పేట అప్పటిదాకా పెద్ద కుటుంబాల వారిది, ఖరీదైన బడుల్లో చదివి, తండ్రుల స్నేహాల మీద ఉద్యోగాల్లో చేరినవారిది. 1982లో అక్కడ లిఫె అనే ఫ్యూచర్స్ ఎక్స్చేంజీ, అంటే ముందు తేదీకి జరిగే కొనుగోలు ధరను ఇవాళే ఖాయం చేసుకునే బజారు, తెరిచారు. 1986 అక్టోబరు 27న ‘బిగ్ బ్యాంగ్’ పేరుతో స్టాక్ ఎక్స్చేంజీ పాత కట్టుబాట్లు ఒక్క రోజులో రద్దయ్యాయి; కమీషను ఇంతకు తగ్గకూడదన్న నియమం పోయింది, ఇతరుల కోసం కొనిపెట్టే బ్రోకరుకూ, తన సొంత ఖాతాలో కొని అమ్మే జాబరుకూ నడుమ ఉన్న అడ్డుగోడ పోయింది. విదేశీ బ్యాంకులు వచ్చాయి. వాటికి కావలసింది గొంతు, వేగం, నోటిలెక్క. ఆ మూడూ లండన్ తూర్పు పేటల నుంచీ పక్కనున్న ఎసెక్స్ నుంచీ వచ్చిన కుర్రవాళ్లకు ఉన్నాయి. లిఫె హాలులో రంగురంగుల కోట్లు వేసుకుని, అరుస్తూ, చేతులతో సైగలు చేస్తూ వారు కోట్ల పౌండ్ల బేరాలు చేశారు. అరచేయి తనవైపు తిప్పితే కొంటానని, ఎదుటివారివైపు తిప్పితే అమ్ముతానని అర్థం. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఒంగోలు గిత్తల ధర తేల్చిన దళారులను చిన్నప్పుడు చూసినవాడిని కనుక, ఆ హాలు ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు అది పరాయి చోటు అనిపించలేదు.

పాత వంశాలవారు ఈ కొత్తవాళ్లను ‘బ్యారో బాయ్స్’ అన్నారు. వారిలో ఎక్కువమంది ఎన్నడూ బండి తోసి ఉండరు. మాట్లాడే యాస, పుట్టిన పేట, చదవని కాలేజీ, వీటిని ఒక్క మాటలో ఎత్తి చూపడానికి ఆ పేరు పనికివచ్చింది. ‘వీళ్లు అమ్మేది బాండ్లే కావచ్చు, అమ్మే తీరు మాత్రం అరటిపళ్లదే’ అన్నది అందులోని వెక్కిరింపు. కానీ ఇక్కడ కథ మలుపు తిరిగింది. డబ్బు సంపాదించిన ఆ కుర్రవాళ్లు ఆ పేరును తోసిపుచ్చలేదు. ‘అవును, బ్యారో బాయ్‌నే, మీరు పుస్తకంలో నేర్చుకున్న లెక్క నేను వీధిలో నేర్చుకున్నాను’ అనే ధీమాతో తలకెత్తుకున్నారు. దీనికి వారికి పూర్వీకుల బలం కూడా ఉంది. టెస్కో అనే మహా వ్యాపార సంస్థను స్థాపించిన జాక్ కోహెన్, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సైన్యం నుంచి విడుదలయ్యాక, 1919లో తూర్పు లండన్‌లోని హ్యాక్నీలో మిగులు సరుకుతో చిన్న స్టాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. మొదటి రోజు అమ్మకం 4 పౌండ్లు, లాభం 1 పౌండు. అంతకుముందు 1884లో లీడ్స్ నగరపు సంతలో ‘ధర అడగకండి, ఏదైనా ఒక్క పెన్నీయే’ అని బోర్డు పెట్టి అమ్మిన మైకేల్ మార్క్స్ పేరు ఇప్పటికీ మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల మీద ఉంది.

కాబట్టి పొగడ్తా, తిట్టా అన్నదానికి నా జవాబు ఇది: మీ అబ్బాయి ఆ మాట ఎవరి నోట విన్నాడో కనుక్కోండి. అధికారి తన గురించి తానే చెప్పుకుంటే అది గర్వం. ఆయనతో కలిసి ఎదిగినవారు అంటే చనువు. ఆయన కింద పని చేస్తూ, ఆయన కన్నా మంచి బడిలో చదివినవారు అంటే అది ఇప్పటికీ తిట్టే. మీ అబ్బాయి మటుకు ఆ మాట వాడకుండా ఉండటమే మర్యాద.

ప్రశ్న: మీరు ఇదివరకు ఒక జవాబులో ఇంగ్లీషులో అమ్మేవాడిని ‘మాంగర్’ అంటారని, దాని వెనుక ‘మాంగో’ అనే లాటిన్ పదం ఉందని రాశారు. అయితే ఆ పదం మామిడిపండు నుంచి వచ్చిందా? మా తాతగారు మామిడి తోటలు గుత్తకు తీసుకుని వ్యాపారం చేసేవారు.
— ఒక విద్యార్థి, కావలి

జవాబు: రెండింటికీ చుట్టరికం లేదు బాబూ, ధ్వని మాత్రమే కలిసింది. మామిడికి ఇంగ్లీషువారు వాడే పేరు మనకు దక్షిణాన ఉన్న తమిళ, మలయాళ దేశాలలోని ‘మాంగాయ్’, ‘మాంగ’ అనే మాటల నుంచి పోర్చుగీసువారి నోటి మీదుగా వెళ్లింది. సూళ్లూరుపేట దాటితే ఇప్పటికీ ఆ మాట వినిపిస్తుంది. లాటిన్‌లోని ‘మాంగో’ అంటే వర్తకుడు, అందునా సరుకుకు మెరుగులు దిద్ది అమ్మేవాడు, బానిసలను అమ్మేవాడు. పుట్టుకలోనే ఆ చేదు ఉన్నా, ఇంగ్లీషులో చాలాకాలం అది మామూలు పదంగానే బతికింది. చేపలు అమ్మేవాడు ఫిష్‌మాంగర్, ఇనుప సామాను అమ్మేవాడు ఐరన్‌మాంగర్. ఈ రెండు పేర్లూ నేటికీ దుకాణాల బోర్డుల మీద గౌరవంగానే ఉన్నాయి. కానీ కొత్తగా కట్టే మాటల్లో మాత్రం ‘మాంగర్’ చేరితే చెడ్డపనే. యుద్ధాన్ని ఎగదోసేవాడు వార్‌మాంగర్, పరువు తీసే పుకార్లు మోసేవాడు స్కాండల్‌మాంగర్. చేపలు అమ్మేవాడి పేరును భయాన్ని అమ్మేవాడికి తగిలించడం భాషకు తేలికే, చేపలవాడికి మాత్రం న్యాయం కాదు.

దీనికి ఎదురు నడక నడిచిన మాట ఒకటి చెబుతాను. ‘చాప్‌మన్’ అంటే పాత ఇంగ్లీషులో ఊరూరా తిరిగి సరుకు అమ్మేవాడు. దానిని కురచ చేసి ‘చాప్’ అన్నారు. 16వ శతాబ్దిలో ఆ పొట్టిమాటకు కొనడానికి వచ్చిన మనిషి అని అర్థం. తరువాత అది ‘ఎవరో ఒక మనిషి’ అని, చివరికి ‘మంచివాడు, మనవాడు’ అనే చనువు మాటగా స్థిరపడింది. మన ‘బేరం’ కూడా ఇలాగే కొనే మనిషి మీదికి జరిగింది. ‘పొద్దున్నుంచి ఒక్క బేరం రాలేదు’ అని పండ్ల బండి ఆమె అన్నప్పుడు అక్కడ బేరం అంటే మనిషే. వ్యవహారం బేహారమై, బేహారం బేరమై, వర్తకం నుంచి ధర తగ్గించమని అడిగే వాదన దాకా, అక్కడి నుంచి వాదించడానికి వచ్చిన మనిషి దాకా ఒకే మాట నడిచింది. మీ తాతగారు ఈ మూడు అర్థాల్లోనూ ఆ మాట వాడే ఉంటారు.

ప్రశ్న: ఇంగ్లీషువారి సంగతి సరే. తెలుగులో వీధి వ్యాపారం చేసేవారి మాటలకు ఈ గతి పట్టిందా? మున్సిపాలిటీ కాగితాల్లో ‘వీధి విక్రయదారు’ అని రాస్తున్నారు. ఆ మాట నోరు తిరగదు. బదులుగా ఏమనాలి?
— ఒక చిరువ్యాపారి, ఒంగోలు

జవాబు: పట్టింది. ‘చిల్లర’ అన్న మాట తీసుకోండి. టోకుకు ఎదురు చిల్లర. కొద్ది కొద్దిగా అమ్మడమనే ఆ అర్థంలో తప్పేమీ లేదు, చిల్లర కొట్టు లేని వీధి లేదు. కానీ ‘చిల్లర మనిషి’, ‘చిల్లర వేషాలు’ అన్నప్పుడు అదే మాట నీచానికి గుర్తు. టోకు వ్యాపారం పేరుతో తిట్టు పుట్టలేదన్నది గమనించండి. పారసీక భాష నుంచి వచ్చిన ‘బజారు’ కూడా అంతే. బజారుకు వెళ్లి రావడం అందరి పనే, ‘బజారు మనిషి’ అంటే మాత్రం, ముఖ్యంగా ఆడవారిని అంటే, అంతకన్నా ఘోరమైన నింద లేదు. సరుకు తెచ్చుకోవడానికి బజారుకు వచ్చినవారే బజారులో నిలబడి బతికేవారిని ఆ మాటతో కించపరచారు. దళారి అన్న మాట కూడా పనిని వదిలి తిట్టులోకి జారింది. ఒక్క ‘శెట్టి’ మాత్రం ఎత్తులోనే మొదలైంది. శ్రేష్ఠి, అంటే మేలైనవాడు, వర్తకుల పెద్ద. పెద్ద వర్తకుడికి పెద్ద పేరు, చిన్న వర్తకుడికి చిన్న పేరు పెట్టడంలో లండన్‌కూ మనకూ తేడా లేదు.

ఇంగ్లీషు మాట చేసిన మరొక అన్యాయం మన దగ్గర కొంత తక్కువ. ‘బ్యారో బాయ్’ అన్నప్పుడు వీధిలో అమ్మిన ఆడవాళ్లు కంటికి కనబడకుండా పోయారు. మేహ్యూ లెక్కలో వారు ఉన్నారు, మాటలో లేరు. మన వీధుల్లో గంప దించేది ఎక్కువగా ఆడవారే కనుక, కొత్తపట్నం నుంచి చేపల గంపతో మీ ఒంగోలు వచ్చే ఆమెకు ‘చేపలమ్మ’, ‘చేపలక్క’ అనే పిలుపు ఉంది. అమ్మే పనినీ అమ్మనూ ఒకే ధ్వనిలో కలిపిన ‘పూలమ్మి’, ‘కూరలమ్మి’ అనే మాటలు నాకు ఎంతో ఇష్టం.

మీరు ‘వీధి విక్రయదారు’ నోరు తిరగదన్నారు, నిజమే. అయినా దానిని కాగితం మీదినుంచి తీసివేయమని నేను చెప్పను. 2014లో పార్లమెంటు చేసిన వీధి విక్రయదారుల చట్టం వారి జీవనోపాధికి రక్షణ ఇవ్వాలని పేరులోనే చెప్పుకుంది. వీధి అమ్మకాల వ్యవహారాలు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది అమ్ముకునేవారి ప్రతినిధులే ఉండాలని, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలని అంది. అమ్మకానికి సర్టిఫికెట్ ఇవ్వాలంది. బండి ఎత్తుకుపోయిన రోజున మీ చేతిలో ఉండవలసిన కాగితం మీద అబ్బాయి, కుర్రాడు అని ఉంటే పని జరగదు. చట్టంలో ఉన్న మాటే ఉండాలి.

నోటితో అనడానికి మాత్రం మీవాళ్లు తమను గురించి తాము చెప్పుకునే మాటే సరైనదని నా అభిప్రాయం. ‘ఏం చేస్తున్నావు?’ అని అడిగితే ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా వచ్చే జవాబు ‘బండి పెట్టుకున్నాను’, లేదా ‘యాపారం చేసుకుంటున్నాను’. అందులో కుర్రతనమూ లేదు, చిల్లరతనమూ లేదు. పిలవవలసి వస్తే, మన వైపు తోటివాడిని పిలిచే ‘అబ్బయ్యా’ ఉంది, పెద్దవాడైతే ‘అన్నా’ ఉంది. స్టోన్‌హౌస్‌పేట పాఠకురాలు కూడా ఈ జవాబు చదువుతారు కనుక ఒక మాట: కూరల బండి ఆయన పేరు అడిగి తెలుసుకుని, ఒక వారం పాటు ఆ పేరు పక్కన ‘అన్నా’ చేర్చి పిలిచి చూసి, ఆయన ఏమన్నారో నాకు రాయండి.